కర్పూరానికి షోకాజ్ నోటీసు

మా సంస్థలో పదవి ముందు పుడుతుంది, పని తరవాత పుడుతుంది. రసాయన భద్రతా ప్రత్యేకాధికారి అనే పదవి కూడా అలాగే పుట్టింది. ఎక్కడో ఎవరిదో బాణసంచా గోదాము పేలితే, మన దగ్గర అలాంటిది జరక్కుండా చూడ్డానికి ఒక అధికారి ఉండి తీరాలని పైవాళ్ళు తీర్మానించారు. బస్సులు నడుపుకునేవాళ్ళకి బాణసంచాతో పనేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే ఆ పదవికి తన పేరు తప్పిపోతుందేమోనని ప్రతివాడికీ భయం.

ఆ కుర్చీ ఉదయభాస్కర్ గారికి దక్కింది. తీరా కూర్చున్నాక చూస్తే, డీజిలు చూసుకోవడానికి అప్పటికే ఒక అధికారి ఉన్నారు. బ్యాటరీల యాసిడ్‌కి ఇంకొకరున్నారు. ఫినాయిలు పారిశుధ్యం కిందికి వస్తుంది, దాన్ని వాళ్ళు చస్తే వదలరు. పాపం ఆయన తనకంటూ ఒక రసాయనం లేక, పిల్ల దొరకని పెళ్ళికొడుకులా డిపో డిపో తిరిగారు. చివరికి మా చింతలవరం డిపోలో సంబంధం కుదిరింది.

నేను ఆ డిపోలో హెడ్ గుమాస్తాని. అందరూ ‘హెడ్డు గారూ’ అంటారు. నా అసలు పేరు జీతం బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు కనుక ఇక్కడా అవసరం లేదు.

మా డిపోలో ఒక ఆనవాయితీ ఉంది. తెల్లవారుజామున పెదలంక వెళ్ళే ఫస్టు సర్వీసు కదిలేముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, బస్సుకి కర్పూర హారతి ఇస్తారు. ఆ బస్సు డ్రైవరు మస్తాన్ వలీ నమాజు చేసుకుని వచ్చి మరీ హారతి పళ్ళెం పట్టుకుంటాడు. అదేంటయ్యా అని ఎవరైనా అడిగితే, “నమాజు నాకండి, హారతి బండికండి” అంటాడు. ఆ బండి ఇంతవరకూ ఎవరినీ గుద్దలేదు కాబట్టి మేమెవరం ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

తనిఖీకి వచ్చిన ఉదయభాస్కర్ గారు ఆ వేళకి అక్కడ నిలబడ్డారు. మస్తాన్ పళ్ళెంలో కర్పూరం బిళ్ళ వెలిగించాడు.

“సదరు తెల్లటి పదార్థం ఏమిటి?”

“కర్పూరమండి.”

“దాని రసాయన నామం?”

“కర్పూరమేనండి.”

ఆయన జేబులోంచి ఫోను తీసి వెతికారు. వెతుకుతున్నకొద్దీ ఆయన మొహంలో వెలుగు పెరిగింది. అది హారతి వెలుగు కాదు. “చెట్టు కలప నుంచి లభించు మైనము వంటి ఘనపదార్థము. సులభముగా మండు స్వభావము కలది. ఆవిరి కంటికి, ముక్కుకి చికాకు కలిగించును. మింగినచో మూర్ఛలు వచ్చును. అగ్నికి దూరముగా ఉంచవలెను.” చివరి వాక్యం రెండుసార్లు చదివి, మస్తాన్ చేతిలో భగ్గున మండుతున్న పళ్ళెం వైపు చూశారు. “మీరు దీన్ని అగ్నికి ఎంత దూరంలో ఉంచుతున్నారు?”

మస్తాన్ కూడా పళ్ళెం వైపు చూసుకున్నాడు. “అగ్గి తగలకపోతే అది హారతి ఎట్టా అవుద్దండి?”

“అంటే ఇన్నేళ్ళుగా ఉద్దేశపూర్వకంగానే జరుగుతోందన్న మాట,” అన్నారు ఉదయభాస్కర్ గారు, తృప్తిగా.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. దాని పేరు ‘కర్పూర భద్రతా విధానం’. కర్పూరాన్ని నిషేధిస్తే మనోభావాల గొడవ, వదిలేస్తే కొత్త పదవికి గొడవ. అందుకని నియంత్రించారు. ఇకమీదట డ్రైవర్లు సొంత కర్పూరం డిపోలోకి తేరాదు. సంస్థే టెండరు పిలిచి కొని, స్టోర్సులో భద్రపరచి, బస్సుకొక బిళ్ళ చొప్పున ఇస్తుంది. బిళ్ళని ముట్టుకునేవాడు రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు, ముక్కుగుడ్డ ధరించాలి. వెలిగించేముందు ‘జ్వలన అనుమతి’ తీసుకోవాలి. వెలుగుతున్నంతసేపూ ఒకరు ఇసుక బకెట్టుతో, ఇంకొకరు నిప్పార్పే సిలిండరుతో పక్కన నిలబడాలి. ఇవన్నీ నేనే టైపు చేశాను. ఎక్కడా అచ్చుతప్పు లేదు.

అసలు చిక్కు స్టోర్సులో వచ్చింది. స్టోరుకీపరు పెచ్చెట్టి గంగరాజు నా ఈడువాడే, నాతోపాటే చేరాడు. అంతదాకా డిపో కర్పూరమంతా డ్రైవర్లు చందా వేసుకుని కొన్నదే, అతని కిటికీలో ఒక పాత హార్లిక్స్ సీసాలో ఉండేది. మూత బిగించి, లోపల నాలుగు మిరియాలు వేసి ఉంచేవాడు. వాళ్ళమ్మ అలా చేసేది. మా అమ్మా అలాగే చేసేది. కర్పూరం డబ్బాకి మూత పెట్టాలని తెలియని ఇల్లు మా జిల్లాలో లేదు. కాని ఇంట్లో తెలిసినవి ఆఫీసులో గుర్తుకు రావు, ఆఫీసులో నేర్చుకున్నవి ఇంట్లో పనికిరావు.

ఉదయభాస్కర్ గారు ఆ సీసాని వేలితో తాకకుండా చూసి నాచేత రాయించారు: “ప్రమాదకర రసాయనము గాలి చొరబడని పాత్రయందు బంధింపబడి ఉన్నది. అందు గుర్తు తెలియని నల్లని గుండ్రని వస్తువులు కల్తీగా కలుపబడినవి.”

“అవి మిరియాలండి,” అన్నాడు గంగరాజు.

“ప్రయోగశాల నివేదిక వచ్చేవరకు అవి నల్లని గుండ్రని వస్తువులే.”

విషవాయువులు పేరుకోకుండా రసాయనాల పాత్రలకి గాలి ఆడాలని ఆయన చదివిన పుస్తకంలో ఉంది. అది ఏ రసాయనం సంగతో ఆ పేజీ పైన ఉండి ఉంటుంది, ఆయన కింద నుంచి చదివారు. టెండరులో వచ్చిన కర్పూరం డ్రమ్ముకి మా గ్యారేజీలోనే చుట్టూ చిల్లులు కొట్టించారు. స్టోర్సు గదికి గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాను బిగించారు. సీసాలో ఉన్న పాత బిళ్ళలూ మిరియాలూ కూడా డ్రమ్ములోనే పోయించి, మూతకి తాళం వేయించారు. గదిపైన రేకులు, బయట మాఘమాసపు ఎండ అప్పుడే ముదురుతోంది.

“సార్, ఇట్టాగైతే హరించుకుపోద్దండి,” అన్నాడు గంగరాజు.

“తాళం మీ దగ్గరే ఉంటుంది. పోతే మీదే బాధ్యత,” అన్నారు ఆయన.

ఆ మాట గంగరాజుకి ఎందుకు గుచ్చుకుందో చెప్పాలి. జ్యేష్ఠం వెళ్ళేసరికి అతను రిటైరవుతాడు. మా డిపోలో రిటైరైనవాడు మర్నాడు తెల్లవారుజామున దండ వేసుకుని వచ్చి, తన చేత్తో ఫస్టు సర్వీసుకి హారతి ఇచ్చి, అదే బస్సులో పెళ్ళాం బిడ్డలతో ఊరికి వెళ్తాడు. ఇందులో గంగరాజుకి ఇంకో విశేషం ఉంది. ఆ బస్సు వెళ్ళేది అతని ఊరికే. పెదలంకలో బస్సు దిగుతుంటే ఊరంతా చూస్తుందని అతని భార్య అప్పుడే ఇంటికి సున్నం వేయిస్తోంది. సర్వీసు మొత్తంలో ఒక్క నట్టు తేడా రానివాడు, ఇప్పుడు ఆఖరి మెట్టు మీద కాలు జారకూడదని రోజూ డ్రమ్ముకి దణ్ణం పెట్టుకునేవాడు.

కొత్త విధానంలో మొదటి హారతి చూడ్డానికి డిపో అంతా కదిలింది. మస్తాన్ తొడుగులు, నల్లద్దాలు, ముక్కుగుడ్డ వేసుకుని పళ్ళెం పట్టుకున్నాడు. ఒక పక్క ఇసుక, ఇంకో పక్క సిలిండరు. జ్వలన అనుమతి మీద డిపో మేనేజరు సంతకం కావాలి, ఆయన ఇంకా నిద్ర లేవలేదు. పాలక్యాన్లతో బస్సెక్కాల్సినవాళ్ళు, పూలబుట్టలవాళ్ళు గేటు దగ్గర గుంపు కట్టారు. ఒక ముసలమ్మ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

“ఏం నాయనా, బస్సుకేవన్నా అంటురోగమా?”

“లేదమ్మా, హారతి.”

“మరి ఆపరేషను చేసేవోళ్ళ లాగ ఉన్నారేంటి?” అని ఆవిడ కాసేపు ఆలోచించి, “నేను రెండో బస్సుకెల్తాలే” అని వెనక్కి వెళ్ళి కూర్చుంది. రెండో బస్సుకీ అదే ఆపరేషను జరిగింది. సువార్తరాజు అనే డ్రైవరు మా బండికి ప్రార్థన చాలండి, బిళ్ళ వద్దంటే, కేటాయించిన బిళ్ళ తీసుకోకపోతే అది డ్యూటీ నిరాకరణ కిందికి వస్తుందని తాఖీదు ఇచ్చారు. అతను రోజూ బిళ్ళ తీసుకుని, సాయంత్రం అదే బిళ్ళ తిరిగి ఇచ్చి రసీదు పుచ్చుకునేవాడు. పొద్దున్న ఇచ్చిన బిళ్ళకంటే సాయంత్రం బిళ్ళ చిన్నదైందేమని అతనికి మెమో కూడా వచ్చింది.

మొదటి తూకంలోనే డ్రమ్ము తగ్గింది. ఇచ్చిన బిళ్ళలు తీసేసి లెక్కగట్టినా తగ్గింది. రెండోసారి ఇంకా తగ్గింది.

ఉదయభాస్కర్ గారు విచారణ సంఘం వేసి, దానికి తానే అధ్యక్షులై వచ్చారు. రెండో తాళం వేయించారు. గదిలో కెమెరా పెట్టించారు. గదిలోకి వెళ్ళగానే ఆయనకి ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. “వాయువులు పేరుకుంటున్నాయి. చిల్లులు చాలవు,” అని డ్రమ్ముకి ఇంకో వరస చిల్లులు కొట్టించి, ఫ్యానుని పెద్దది చేయించారు. దొంగ ఎంత ఎక్కువ ఎత్తుకుపోతే, అతనికి అంత పెద్ద తలుపు తెరిచారు.

తరవాత గంగరాజుని దగ్గరికి పిలిచి, వంగి అతని ఖాకీ చొక్కా వాసన చూశారు.

“కర్పూరం వాసన వస్తోంది.”

“స్టోర్సులో కూచుంటానండి. అదే కదండీ నా పని.”

“రాసుకోండి. ముద్దాయి దేహము నుండి అపహృత ద్రవ్యపు వాసన వెలువడుచున్నది.”

రాశాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, సంఘంలో ఉన్నవాళ్ళంతా మెల్లిగా తమ చొక్కాలు వాసన చూసుకున్నారు. నేనూ చూసుకున్నాను. అందరివీ గుడిలోంచి వచ్చినట్టే ఉన్నాయి. అందరం చొక్కాలు సర్దుకుని కూర్చున్నాం.

ఆ సాయంత్రం గంగరాజు క్యాంటీనులో నా ఎదురుగా కూర్చుని టీ చల్లారబెట్టాడు.

“హెడ్డు గారూ, దొంగనే పేరుతో ఊళ్ళో బస్సు ఎట్టా దిగనండి? పోనీ ఇనుపసామానో, టైరో అంటే నమ్మేవోళ్ళు నమ్ముతారు. కర్పూరం దొంగ! మా మనవడు కూడా నవ్వుతాడండి.”

నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. కాని నేను హెడ్ గుమాస్తాని, క్యాంటీనులో ఏడవకూడదు.

ఈ మాట డిపో అంతా పాకింది. గంగరాజు చేతి మీదుగా నట్టూ బోల్టూ అందుకోని డ్రైవరు లేడు, మెకానిక్కు లేడు. మస్తాన్ ఇంటినుంచి కర్పూరం బిళ్ళ ఒకటి జేబులో వేసుకొచ్చి, స్టోర్సులో పనున్నట్టు వెళ్ళి, ఎవరూ చూడకుండా డ్రమ్ము చిల్లులోంచి లోపలికి జారవిడిచాడు. కండక్టర్లు వేశారు. టైర్ల విభాగం వేసింది. సువార్తరాజు తన రోజువారీ బిళ్ళని తిరిగి ఇవ్వడమే కాక ఇంకోటి కలిపి ఇచ్చాడు. ఊడ్చే మంగతాయారు కొంగున కట్టుకొచ్చి గుప్పెడు పోసింది. తిలాపాపం తలా పిడికెడంటారు, ఇక్కడ పుణ్యం కూడా అలాగే జరిగింది. ఒకరు వేస్తున్నట్టు ఇంకొకరికి తెలియదు. కెమెరా చూస్తోంది కదా అంటే, దాని కంటికి కర్పూరం పొగమంచులా పట్టి వారం రోజులైంది.

నేను కూడా వేశాను. ఎన్ని బిళ్ళలో చెప్పను.

మూడో తూకంలో కర్పూరం పెరిగింది. మామూలుగా పెరగలేదు, కొన్నదానికంటే ఎక్కువైంది. గంగరాజు మొహంలో ఒక్క క్షణం వెలుగు కనిపించింది. డిపో అంతా ఊపిరి పీల్చుకుంది.

ఉదయభాస్కర్ గారు కుర్చీలోంచి లేచారు. “తగ్గితే దొంగతనం. పెరిగితే కుట్ర. రాసుకోండి హెడ్ క్లర్కు గారూ. స్టోరుకీపరు అధీనమున ఆదాయానికి మించిన కర్పూరము కలదు.”

డ్రమ్ముకి అందరి ఎదుటా లక్క ముద్ర వేశారు. చిల్లులకి ముద్ర వెయ్యలేదు, అవి భద్రతా సౌకర్యం కనుక. విచారణ తేలేదాకా మాత్రం హారతి బిళ్ళలు పై ఆఫీసు నుంచి ఏ పూటకాపూట వచ్చే ఏర్పాటు చేశారు. గంగరాజుని సస్పెండు చెయ్యాలనుకున్నారుగాని, సస్పెండు చెయ్యాలంటే చార్జి అప్పగించాలి, చార్జి అప్పగించాలంటే స్టాకు సరిపోవాలి. స్టాకు సరిపోకుండా రిటైరు చేయడానికీ వీల్లేదు. అలా అతన్ని ఉంచలేక, పంపలేక, విచారణ తేలేదాకా ఆ గది గుమ్మంలో స్టూలు వేసి కూర్చోబెట్టారు. విచారణ మాత్రం ఎండలంత నిదానంగా నడిచింది. అధ్యక్షుల వారికి ఒకసారి శిక్షణ, ఒకసారి జలుబు. మూడోసారి ‘కర్పూర భద్రత: ఒక విజయగాథ’ అనే అంశం మీద సదస్సు. చైత్రం పోయింది, వైశాఖం పోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ వేసవి మా డిపో చుట్టుపక్కల ఒక్క దోమ లేదని వీధివాళ్ళు మమ్మల్ని మెచ్చుకున్నారు.

గంగరాజు రిటైరయ్యే రోజునే ఆఖరి విచారణ పెట్టారు. పై ఆఫీసు నుంచి నిపుణుల అభిప్రాయం కావాలన్నారని, ప్రభుత్వ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే హైమవతి మేడం గారిని పిలిపించారు. అందరి ఎదుటా ముద్రలు పరీక్షించారు. చెక్కుచెదరలేదు. రెండు తాళాలూ తీశారు. మూత ఎత్తారు.

లోపల మిరియాలున్నాయి.

వాటిని ఒకటొకటిగా ఏరి కాగితం మీద పోశారు. కొండని తవ్వి మిరియాన్ని పట్టినట్టయింది. బిళ్ళ కాదుగదా, బిళ్ళ తాలూకు పొడి కూడా లేదు. గంగరాజు గోడకి చేరగిలబడ్డాడు.

హైమవతి మేడం ఒక చూపు డ్రమ్ము చిల్లులకేసి, ఒక చూపు ఫ్యానుకేసి చూసి, నవ్వు ఆపుకోవడానికి నీళ్ళు అడిగారు. “ఇందులో దొంగతనమేం లేదండి. కర్పూరానికి జరిగేదాన్ని ఉత్పతనం అంటాం. ఘనపదార్థం కరగకుండానే, మామూలు ఎండకే, నేరుగా ఆవిరైపోతుంది. గాలి తగిలితే ఇంకా తొందరగా పోతుంది. మూత బిగించి ఉంచితే ఉండేది.”

ఉదయభాస్కర్ గారు చేయి పైకెత్తారు. “ఒక్క నిమిషం. ఘనపదార్థం ముందు ద్రవం కావాలి గదా? తరవాత గదా వాయువు?”

“చాలావాటికి అంతేనండి. దీనికి మధ్యలో ద్రవం అక్కర్లేదు.”

“అంటే ఒక దశని దాటేసి పై దశకి పోయిందంటారు.”

“అవునండి.”

“త్రూ ప్రాపర్ ఛానల్ కాకుండా!”

ఆయన ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో మధ్య దశలో ఆగకుండా పై మెట్టెక్కినవాణ్ణి ఎవరినీ ఊరికే వదల్లేదని మాకందరికీ తెలుసు.

మేడం మాత్రం ఇంకో మాట చెప్పారు. “నిజంగా జాగ్రత్తపడాలంటే పసిపిల్లల విషయంలో పడండి సార్. పటికబెల్లం అనుకుని కర్పూరం బిళ్ళ నోట్లో వేసుకుంటే ఫిట్సు వస్తాయి, ప్రాణం మీదికొస్తుంది. జలుబని చంటిపిల్లల ముక్కుకి రాయడం కూడా తప్పే. పిల్లల చేతికందకుండా పెట్టమని బస్సుల్లో ఒక బోర్డు పెట్టించండి.”

“పసిపిల్లలు మన సంస్థ ఉద్యోగులు కారు,” అన్నారు అధ్యక్షులు. “ఆ అంశం మా పరిధిలోకి రాదు. రాయకండి.”

రాయలేదు. ఇంటికెళ్ళి మా కోడలికి చెప్పాను. దేవుడి గూట్లో ఉన్న డబ్బాని ఆ పూటే అటక మీదికి ఎక్కించింది.

సాయంత్రానికి తీర్పు వచ్చింది. అపహరణ జరగలేదు కనుక గంగరాజు ముద్దాయి కాడు. మరి ముద్దాయి ఎవరు? స్టాకు దానంతటదే పోయింది కనుక స్టాకే. ఆయన చెప్తుంటే నేను రాసిన నోటీసు ఇది: “ఘనస్థితియందు నియమింపబడిన నీవు, ద్రవస్థితియందు రిపోర్టు చేయక, పై అధికారుల అనుమతి పొందక, నేరుగా వాయుస్థితికి పోయి విధులకు గైర్హాజరైనందున, నీపై ఎందుకు చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.” చిరునామా తెలియదు కనుక నోటీసుని ఖాళీ డ్రమ్ముకే అంటించారు.

“అయితే నేను రిటైరైపోయినట్టేనాండి?” అని అడిగాడు గంగరాజు.

“ఎలా అవుతారు? మీరిప్పుడు ఏకైక సాక్షి. పరారీలో ఉన్న కర్పూరం దొరికేవరకు మిమ్మల్ని రిలీవు చేయడానికి వీల్లేదు. దొరికిన క్షణాన ఆర్డరు ఇస్తాను. అదీ రాసుకోండి.”

అదీ రాసుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున ఫస్టు సర్వీసు దగ్గర ఎప్పుడూ లేనంత జనం ఉన్నారు. గంగరాజు భార్య వెంకాయమ్మ కొత్త చీర కట్టుకుని, మనవడి చెయ్యి పట్టుకుని, సామాన్లతో వచ్చేసింది. మొగుడు రిలీవవలేదని ఆవిడకి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. గంగరాజు డ్యూటీ చొక్కాతో గోడ పక్కన నిలబడ్డాడు. కొనితెచ్చిన దండ డ్రైవరు సీటు పక్కన పడి ఉంది.

అంతలో ఉదయభాస్కర్ గారు పెట్టె చేత పట్టుకుని పరుగున వచ్చారు. జీపు కదలనంటోంది, మా గ్యారేజీలో దానికి ఆపరేషను జరుగుతోంది. ఆయనకి కర్పూర భద్రతలో ఉత్తమ అధికారి పురస్కారం ఆ రోజే, రాజధానిలో. పెదలంక మీదుగా వెళ్తేనే రైలు అందుతుంది.

“బస్సు తియ్యి!”

“హారతి కాలేదండి,” అన్నాడు మస్తాన్.

“అయితే కానీ.”

“స్టాకు లేదండి. పరారీలో ఉంది కదండీ.”

“హారతి లేకుండా తియ్యి!”

మస్తాన్ స్టీరింగు మీద చేతులు పెట్టి, తల అడ్డంగా ఊపాడు. “నన్ను సస్పెండు చేసుకోండి సార్. ఈ బండి హారతి లేకుండా ఒక్కరోజు కదల్లేదు. ఇంతమంది ప్రాణాలున్నాయి లోపల.”

ఉదయభాస్కర్ గారు గడియారం చూసుకున్నారు. అటూ ఇటూ చూశారు. తరవాత పెట్టె తెరిచి, మడిచిన పంచెల కిందనుంచి ఒక చిన్న స్టీలు డబ్బా తీశారు. మూత ఎంత గట్టిగా ఉందంటే తియ్యడానికి ఆయన పళ్ళు ఉపయోగించాల్సి వచ్చింది. తియ్యగానే కమ్మని వాసన వచ్చింది.

“పూజకని మా ఆవిడ పెడుతుంది,” అన్నారు, ఎవరి మొహం చూడకుండా. “తొందరగా కానీయండి.”

డబ్బాలో తెల్లటి బిళ్ళల మధ్య నాలుగు నల్లని గుండ్రని వస్తువులు గలగలమన్నాయి.

నా సర్వీసులో నేను చేసిన మంచిపనులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇదొకటి. సంచిలోంచి నిన్నటి కాగితాలు తీసి, ముందుకెళ్ళి, వినయంగా చేతులు కట్టుకుని అడిగాను.

“సార్, పరారీలో ఉన్న ముద్దాయి దొరికినట్టేనాండి?”

“ఏమిటి?”

“కర్పూరమండి. దొరికిన క్షణాన గంగరాజుని రిలీవు చేస్తామని తమరే రాయించారు. ఇప్పుడు తమరి పెట్టెలో దొరికింది.”

“ఇది నా సొంతం!”

“సొంత కర్పూరం డిపోలోకి తేరాదని సర్క్యులరండి. తమరు తెచ్చారని రాయడం బాగుండదు. అదే లొంగిపోయిందని రాస్తే అందరికీ గౌరవం.”

వెనకనుంచి ఇంజను గుర్రుమంది. మస్తాన్ వేలు తాళంచెవి మీద ఉంది. ఉదయభాస్కర్ గారు గడియారం వైపు చూశారు, జనం వైపు చూశారు, చివరికి కలం అడిగారు. బస్సు మూతి మీదే కాగితం పెట్టి రాశాను: పరారీలో ఉన్న కర్పూరము తనంతట తాను విచారణాధ్యక్షుల ఎదుట హాజరైనది, వాసనను బట్టి అందరూ గుర్తించినారు, కావున సాక్షి శ్రీ పెచ్చెట్టి గంగరాజు గౌరవప్రదముగా పదవీ విరమణ చేయుటకు అనుమతించడమైనది. నిన్నటి తేదీ వేశాను. ఆఫీసుల్లో నిన్న అనే రోజు ఎప్పటికీ అయిపోదు.

ఆయన సంతకం పెట్టారు. మస్తాన్ ఒక్క దూకులో కిందికి దిగి, దండ గంగరాజు మెడలో వేసి, పళ్ళెం చేతికిచ్చాడు. తొడుగులు లేవు, అద్దాలు లేవు, ఇసుక లేదు. బిళ్ళ వెలిగింది. బస్సు చుట్టూ ఒకసారి తిప్పి, పళ్ళెం అందరి దగ్గరికీ తెచ్చాడు. అందరం కళ్ళకద్దుకున్నాం. ఉదయభాస్కర్ గారి దగ్గరికి వచ్చినప్పుడు, పాపం అలవాటు, ఆయన చెయ్యి కూడా దానంతటదే ముందుకొచ్చింది.

“ముందు డబ్బా మూత గట్టిగా పెట్టుకోండి సార్,” అన్నాడు గంగరాజు. “గాలి తగిలితే పోద్ది.”

బస్సు గేటు దాటింది. కిటికీలోంచి మనవడు చెయ్యి ఊపాడు. గంగరాజు ఊపలేదు, అతను కళ్ళు తుడుచుకునే పనిలో ఉన్నాడు. నేను కూడా ఈసారి ఆగలేదు. అది క్యాంటీను కాదు కదా.

నెల తరవాత పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. లొంగిపోయిన ముద్దాయిని ఎక్కడ ఉంచారు, వెంటనే హాజరుపరచమని. సదరు ముద్దాయి విధి నిర్వహణలో కాలిపోయిందని, బూడిద కూడా మిగల్లేదని జవాబు రాశాను. అయితే ఖాళీ అయిన ఆ పోస్టులో ఎవరైనా ఉన్నారా అని మళ్ళీ అడిగారు. మిరియాలున్నాయని రాశాను. వాటిని ఇన్‌చార్జిగా కొనసాగించమని ఉత్తర్వు వచ్చింది. ఇప్పటికీ అవి ఆ డ్రమ్ములోనే, ఫ్యాను కింద, నిబంధనల ప్రకారం ఉన్నాయి.

వచ్చే ఏడు నేను రిటైరవుతాను. గంగరాజు వదిలిపెట్టి వెళ్ళిన హార్లిక్స్ సీసా నా బీరువాలో పాత ఫైళ్ళ వెనక ఉంది. అందులో ఒక్క బిళ్ళ వేసి, నాలుగు మిరియాలు వేసి, మూత బిగించి పెట్టుకున్నాను. నెలకోసారి తీసి, మూత తియ్యకుండానే, వెలుతురుకి పట్టి చూసుకుంటాను. ఉంది.